గుడి గడప : తెలుగు కళలలో స్థలము, అధికారము, న్యాయము

స్థలమనగా కేవలము నేల కాదు. ఎవరు ఎంతవఱకు రావచ్చునో, ఎచ్చట నిలువవలెనో, ఎచ్చటినుండి మరలిపోవలెనో నిర్ణయించు కట్టుబాటు నేలతో చేరినప్పుడే అది స్థలమగును. ఊరు, వాడ, గుడి, బావి, చెఱువు అను మాటలను మనము దిక్కులను గుర్తించుటకు వాడు పేర్లవలె వాడుచుందుము. కాని వీనిలో ప్రతి మాటయు ఒక యధికారమును మోయుచున్నది. 'వెలివాడ' యను సమాసమునే పరిశీలింపుడు. వెలి యనగా వెలుపల. దేనికి వెలుపల? ఊరికి. ఎవరి దృష్టిలో? ఊరిలో నున్నవాని దృష్టిలో. వాడలో పుట్టి వాడలో పెరిగిన మనిషికి తన యిల్లు వెలుపల కాజాలదు. వానికి ఊరే యావలి వైపుననున్నది. అయినను ఆ మనిషియు తన నివాసమును చెప్పుకొనుటకు ఎదుటివాని కొలబద్దచే కొలిచిన మాటనే వాడవలసి వచ్చినది. స్థలముపై నధికారము భాషపై నధికారముగా మారుట యిట్టిది.

కవులు, శిల్పులు, చలనచిత్రకారులు ఈ యధికారమును ఎట్లు చూచిరి? కొందరు దానిని సహజమని తలచి వర్ణించిరి. కొందరు దానిని భక్తిచే మెత్తబరచిరి. మఱికొందరు దానిని ప్రశ్నించిరి. ఈ మూడు వైఖరులకును తెలుగునందు మంచి యుదాహరణములు కలవు. వానినన్నిటిని కలిపి చూచుటకు గుడి గడప యను నొక్క స్థలము చాలునని మా యభిప్రాయము. గడప యీవల నిలిచిన మనిషి దేనిని అడుగుచున్నాడు? అనుగ్రహమునా, న్యాయమునా? ఈ వ్యాసమునందు మేము చర్చింప దలచినది ఈ యొక్క ప్రశ్నయే. దీనికి వచ్చు సమాధానమునుబట్టి మనము తరగతిగదిలో కొన్ని ప్రసిద్ధ గ్రంథములను బోధించు తీరు మారవలసి యుండును.

౧. పురవర్ణనము : కనబడని వాడ

దండి మొదలుగాగల లాక్షణికులు మహాకావ్యమునకు నగరవర్ణన మావశ్యకమని చెప్పిరి. అష్టాదశ వర్ణనలలో పురవర్ణనకు ప్రథమస్థానమిచ్చుట మన ప్రబంధకవుల కలవాటు. ఈ వర్ణనములందు పరిఖ, ప్రాకారము, మేడలు, ఉద్యానములు, అటుపిమ్మట చాతుర్వర్ణ్యము క్రమముగా వచ్చును. అల్లసాని పెద్దన మనుచరిత్రమునందు వరణానదీతీరమందలి అరుణాస్పదపురమును వర్ణించుచు, ఒక సీసపద్యమునందు నాలుగు వర్ణములవారిని నాలుగు పాదములలో నిలిపెను. సీసమునకు పాదములు నాలుగు, వర్ణములు నాలుగు. పొందిక మిక్కిలి చక్కనిది. తరువాతి గీతపద్యమున వారకాంతలకును చోటు లభించినది. తుదకు ఆ పురమున మొలచిన లేతకొమ్మకును ప్రశంస దక్కినది. కాని ఆ నగరపు చెప్పులను కుట్టినవాడును, కళేబరములను మోసినవాడును, పొలిమేరను కాచినవాడును ఆ పద్యమునందు లేరు.

ఇది పెద్దనపై మోపదగిన నేరము కాదు. ఆయన లక్షణమునకు లోబడి వ్రాసెను. వ్రాసినదానిని అందముగా వ్రాసెను. మనము గ్రహింపవలసినది వేఱు. ఛందస్సునందు చోటు లేకపోవుటయు, పురమునందు చోటు లేకపోవుటయు ఇచ్చట నొక్కటియే యైనవి. పురవర్ణన మనునది ఉన్న పట్టణమునకు ఛాయాచిత్రము కాదు. పట్టణమనగా నెవ్వరో నిర్ణయించు తీర్పు. అట్టి తీర్పు అలంకారశాస్త్రమునందు నియమరూపమున నున్నప్పుడు దానిని ఎవ్వరును తీర్పుగా గుర్తింపరు. కనుకనే ఈ మౌనము మన వ్యాఖ్యానములలో సాధారణముగా ప్రస్తావనకే రాదు.

౨. గోపురమును, ధ్వజస్తంభమును

గుడి నిర్మాణమునందును ఇట్టి చరిత్రయే కొంత కలదు. రాజరాజచోళుడు తంజావూరిలో నిర్మించి 1010లో పూర్తిచేసిన బృహదీశ్వరాలయమున గర్భగుడిపైనున్న విమానమే మిక్కిలి యెత్తైనది. వాకిటి గోపురములు దానికంటె చాల చిన్నవి. విజయనగరకాలము నాటికి ఈ క్రమము పెక్కు దేవాలయములలో తారుమారైనది. మధ్యనున్న విమానము చిన్నది, పొలిమేరనున్న గోపురము ఆకాశమునంటునది. 1516లో శ్రీకృష్ణదేవరాయలు శ్రీకాళహస్తిలో నెత్తించిన గోపురము ఇట్టిదే. అది 2010 మే నెలలో కూలిపోగా తరువాత మరల నిర్మింపబడినది. ఈ మార్పునకు ప్రాకారములు పెరుగుట, ఉత్సవములు విస్తరించుట, రాజులు తమ కీర్తిని ప్రకటింపగోరుట మొదలుగా కారణములు పెక్కు కలవు. అస్పృశ్యత యొక్కటియే కారణమనుట తొందరపాటగును. కాని దీని ఫలితమొకటి గమనింపదగినది. గోపురము క్రోసుల దూరమునుండి కనబడును. లోనికి రానీయబడని వానికిని కనబడును. చూచుటకు అందరికిని హక్కు, చొచ్చుటకు కొందరికే హక్కు అను నియమమును గోపురము రాతితో చెప్పుచున్నది.

ఆ గోపురమునెత్తించిన రాజే ఆముక్తమాల్యదను రచించిన కవి. ఆ కావ్యమునందలి మాలదాసరి కథ సుప్రసిద్ధము. దాసరి అంత్యజుడు, పరమభాగవతుడు. వేకువజామున కురుంగుడి నంబిని మంగళకైశికిరాగమున కొలిచిపోవుట వాని వ్రతము. ఒకనాటి రాత్రి దారితప్పి నిర్జనప్రదేశమున మఱ్ఱిచెట్టు నాశ్రయించియున్న బ్రహ్మరాక్షసుని చేతిలో చిక్కును. స్వామిని కొలిచి తిరిగి వచ్చెదనని ప్రమాణముచేసి పోయి, మాట తప్పక తిరిగి వచ్చును. పూర్వజన్మమున బ్రాహ్మణుడైన ఆ రాక్షసుడు దాసరి పాటయొక్క ఫలమును యాచించి ముక్తుడగును. బ్రాహ్మణజన్మమెత్తినవాడు అంత్యజుని కాళ్ళపై బడుట సామాన్యమైన విషయము కాదు. ఒక చక్రవర్తి దీనిని వ్రాయుట మఱింత విశేషము.

అయినను స్థలదృష్టితో ఈ కథను మరల చదువుడు. ఈ తారుమారు ఎచ్చట జరిగినది? ఊరిలో కాదు, గుడిలో కాదు. ఊరి శాసనమును గుడి శాసనమును చెల్లని చోట, చీకటిలో, చెట్టుక్రింద జరిగినది. తెల్లవారినపిదప దాసరి స్థానము మారదు. వాని పాట లోపలికి పోవును. వాడు వెలుపలనే యుండును. ఈ యేర్పాటుపై వానికి ఫిర్యాదు లేదు. వాని గొప్పతనమునకు లక్షణములలో ఈ ఫిర్యాదులేమియు నొకటియై యున్నది.

ఈ కథకు మూలమైన కైశికమాహాత్మ్యము వరాహపురాణసంబంధి. తమిళవైష్ణవులు ఈ భక్తుని నంపాడువానని పిలుతురు. తిరుక్కురుంగుడి దేవాలయమున ధ్వజస్తంభము సన్నిధికి సూటిగా గాక ప్రక్కకు నుండుటకు కారణముగా నచ్చట నొక యైతిహ్యము చెప్పుదురు: వెలుపలనున్న భక్తునికి దర్శనము కలుగుటకై స్వామి స్తంభమును తొలగుమనెనట. శైవులలో నందనారు కథయందును ఇదే విధముగా తిరుప్పుంగూరున నంది ప్రక్కకు జరిగినది. చిదంబరమున నందనారు లోనికి ప్రవేశించుటకు ముందు అగ్నిలో ప్రవేశింపవలసి వచ్చినది. మన పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున చెప్పిన మాదర చెన్నయ్య కథలో శివుడు రాజు నైవేద్యమును కాదని, చెన్నయ్య యింటి యంబలిని మెచ్చెను; అనగా దేవుడే గడపదాటి గుడిసెకు వచ్చెను.

ఈ కథలన్నియు నుదాత్తములు. ఇవి పుట్టిన కాలమునకు సాహసోపేతములు కూడ. కాని వీనిలో సమానాంశమొకటి కలదు. రాయి జరుగును, స్తంభము జరుగును, నంది జరుగును, కడకు దేవుడే కదలివచ్చును. నియమము మాత్రము కదలదు. దర్శనమునకు దారి యేర్పడును, ప్రవేశమునకు ఏర్పడదు. ఒక్క భక్తునికి మినహాయింపు లభించును. వాని వాడకు లభింపదు. దీనినే మేము అనుగ్రహమనుచున్నాము. అనుగ్రహము ఇచ్చువాని యిష్టముపై నాధారపడును. పొందినవాని యోగ్యతను పొగడును. పొందనివారిని గుఱించి మాటాడదు. న్యాయమట్లు కాదు. అది యోగ్యతను అడుగక ముందే అందరికిని వర్తింపవలెను.

౩. మాలపల్లి : చూపు నిలిచిన చోటు

ఉన్నవ లక్ష్మీనారాయణ పంతులుగారి మాలపల్లి 1922లో వెలువడినది. దీనికి సంగవిజయమని నామాంతరము. రచన చాలవఱకు చెఱసాలలో సాగినది. ప్రచురింపబడిన కొలదికాలమునకే మదరాసు ప్రభుత్వము దీనిని నిషేధించినది. ఈ నవలను సాంఘికసంస్కరణము, జాతీయోద్యమము, శ్రామికసమస్య అను శీర్షికలక్రింద విమర్శకులు బహుధా చర్చించియున్నారు. మేము దీని పేరును గుఱించి మాత్రము రెండు మాటలు చెప్పెదము.

ప్రబంధకవి పురముతో కథ నారంభించును. ఉన్నవవారు పల్లెను గ్రంథమునకు శీర్షికగా నుంచిరి. పురవర్ణనమునందు లేని చోటు ఇచ్చట గ్రంథమునకే పేరైనది. ఈ పల్లెలో రామదాసు, అతని భార్య మహాలక్ష్మి, వారి బిడ్డలు కలరు. రామదాసు భక్తుడు, తత్త్వజ్ఞుడు. అతనిలో ఆముక్తమాల్యదలోని దాసరి పోలిక స్పష్టముగా కనబడును. కాని రాయల దాసరికి సంసారములేదు, చేను లేదు, కూలిలేదు; ఉన్నవవారి రామదాసునకు ఇవన్నియు కలవు. భక్తుడు ఇంటికి వచ్చిన తరువాత నెట్లు బ్రదుకుచున్నాడను ప్రశ్నను కావ్యము వేయలేదు, నవల వేసినది. భూస్వామియైన చౌదరయ్య చేతిలో సంగదాసు ప్రాణము కోల్పోయినప్పుడును, వేంకటదాసు తక్కెళ్ళ జగ్గడై ధనికులపై తిరుగబడినప్పుడును పాఠకుడు పల్లెలో నిలిచియే ఊరిని చూచుచుండును. వెలి యను మాటకు దిక్కు మారినది.

ఈ మార్పునకు భాష తోడ్పడినది. పల్లెవారి మాటను పల్లెవారి మాటగా వ్రాయుటకు గ్రంథకర్త వ్యావహారికమును స్వీకరించెను. వాడుకభాషావాదమును మనము సాధారణముగా వ్యాకరణవివాదముగా బోధించుచున్నాము. మాలపల్లి విషయమున అది స్థలవివాదము కూడ. ఏ భాష అచ్చులోనికి రావచ్చును, ఏ భాష పుస్తకపు గడప వెలుపల నిలువవలెను అనునదే యచ్చటి ప్రశ్న.

అయితే ఈ నవలకును పరిమితి కలదు. ఇచ్చటి చూపు పల్లెలో నిలిచినదే కాని, చూచినవాడు ఊరినుండి వచ్చినవాడు. గ్రంథకర్తయొక్క నిజాయితీని శంకించుటకు మాకు కారణములేదు. అతడు ఈ పక్షమున నిలిచినందుకు మూల్యము చెల్లించినవాడు. ఐనను పక్షమున నిలుచుటకును, ఆ చోటనే పుట్టుటకును భేదము కలదని చెప్పక తప్పదు. ఆ భేదము జాషువతో స్పష్టమగును.

౪. మాలపిల్ల : వెలుగుతెరపై గుడి

నవలకును జాషువ కావ్యమునకును నడుమ నొక చలనచిత్రము వచ్చినది. గూడవల్లి రామబ్రహ్మముగారు 1938లో సారథి సంస్థపక్షమున నిర్మించి దర్శకత్వము వహించిన మాలపిల్లకు కథ గుడిపాటి వెంకటచలము, సంభాషణలు తాపీ ధర్మారావు వ్రాసిరి. దేవాలయప్రవేశము ఆనాడు దక్షిణదేశమంతటను రగులుచున్న సమస్య. 1924–25లో వైక్కము సత్యాగ్రహము జరిగినది. అది గర్భగుడికై కాదు, గుడిచుట్టునున్న వీథులలో నడచుటకై జరిగినదని మఱవరాదు. 1936 నవంబరులో తిరువాన్కూరు మహారాజు దేవాలయప్రవేశప్రకటనము చేసెను. 1939 జులైలో మధుర మీనాక్షి దేవాలయమున హరిజనులు ప్రవేశించిరి. మాలపిల్ల ఈ రెండు ఘట్టముల నడుమ వచ్చిన చిత్రము.

ఇందు గుడియు, నీటిచెఱువును వివాదస్థలములు. దేవాలయాధికారమును చేతబట్టిన సుందరరామశాస్త్రి యొకవైపు, ప్రవేశము కోరు హరిజనులు మఱియొకవైపు. శాస్త్రి కుమారుడు వాడలోని పిల్లను ప్రేమించును. వారిద్దరును కలకత్తాకు పోయి కాపురము పెట్టుదురు. తుదకు శాస్త్రి యింటికి నిప్పంటుకొన్నప్పుడు ఆయన భార్యను హరిజనుడొకడు కాపాడును. శాస్త్రి మనస్సు మారును, గుడి తలుపులు తెరువబడును.

దీనిలో రెండంశములు విచార్యములు. ఒకటి, ప్రేమికులు తమ యూరిలో గాక కలకత్తాలో కలిసియుండగలిగిరి. ఎవ్వరును ఎరుగని మహానగరమే కులము మఱుగుపడు చోటని కథకుడు తలచెను. రాయల కథలో అడవి చేసిన పనిని ఇచ్చట నగరము చేయుచున్నది. రెండవది, గుడి తలుపులు తెరువబడుటకు హరిజనుడు మంటలో దూకవలసి వచ్చినది. నందనారుని యగ్నిప్రవేశము ఇంకను పోలేదన్నమాట. హక్కు మంచితనమునకు బహుమానముగా లభించినది. అనుగ్రహమునకును న్యాయమునకును నడుమనున్న సంధికాలమును ఈ చిత్రము చక్కగా చూపుచున్నది. కథలోని ప్రజలు సత్యాగ్రహమున న్యాయమును అడుగుచున్నారు. కథాసంవిధానము వారికి అనుగ్రహము నిచ్చినది.

మఱియొక మాట. ఈ కథను ప్రజలు చూచినది చిత్రశాలలో. నేల, బెంచి, కుర్చీ యను తరగతులు అచ్చటను కలవు. కాని వానిని నిర్ణయించునది టిక్కెట్టు వెల. గుడిలోనికి రానీయనివానిని గుడికథ చూచుటకు రానిచ్చిన చోటు చిత్రశాల. స్థలమును గుఱించిన కళ తానే క్రొత్త స్థలమును కల్పించుట కిది మంచి దృష్టాంతము.

౫. గబ్బిలము : విన్నపము కాదు, వ్యాజ్యము

గుఱ్ఱము జాషువకవి 1895లో వినుకొండలో జన్మించి 1971లో దివంగతుడయ్యెను. ఆయన గబ్బిలము ప్రథమభాగము 1941లో వెలువడినది. అరుంధతీసుతుడైన యొక నిరుపేద రాత్రివేళ తన గుడిసెలో నుండగా గబ్బిలమొకటి చొచ్చివచ్చును. దాని రెక్కగాలికి ఆముదపు దీపమారిపోవును. ఆ చీకటిలో అతడు దానిని సంబోధించి, శివునికి తన కథను నివేదింపుమని వేడుకొనును. ఇది కాళిదాసుని మేఘసందేశపు మార్గమని అందరెరిగినదే. అయితే పోలికకంటె భేదమే ఇచ్చట సారవంతము.

కాళిదాసుని యక్షుడు తన విధియందు ఏమరుపాటు చూపి కుబేరునిచే శపింపబడినవాడు. అతని ప్రవాసమునకు కారణము కలదు, గడువు కలదు. ఒక సంవత్సరము గడచిన పిమ్మట అలకాపురి తలుపులు తెరువబడును. జాషువ నాయకునికి తప్పులేదు, గడువును లేదు. అతడు ఊరు విడిచి పోలేదు. పుట్టిన చోటనే ప్రవాసియై యున్నాడు. మేఘము పగటివేళ అందరును తలలెత్తి చూచుచుండగా పోవును. గబ్బిలము చీకటిలో ఎవ్వరికిని కనబడక పోవును. మేఘము శుభసూచకము, గబ్బిలము ఇల్లు చొచ్చిన కీడని లోకుల నమ్మకము. లోకము అశుభమని త్రోసినవాడు అశుభమని త్రోసిన ప్రాణిని చుట్టముగా ఎన్నుకొనెను.

కాని ఈ ఎన్నికకు మఱింత పదునైన కారణము కలదు. గబ్బిలము గుడిలో వ్రేలాడును. దానిని ఎవ్వరును వెడలగొట్టరు. అది తాకిన గుడి మైలపడదు. శివుని చెవికి దగ్గరగా నుండు భాగ్యము దానికున్నది కనుక, పూజారి లేని సమయము చూచి చెప్పుమని నాయకుడు దానికి బోధించును. ఈ యొక్క సూచనలో శతాబ్దముల స్థలనీతి బయటపడినది. దేవునికిని మనిషికిని నడుమ అడ్డమున్నది రాయి కాదు, స్తంభము కాదు, నంది కాదు. అధికారము చేతనున్న మనిషి. పూర్వకథలలో అడ్డము వస్తువు. కనుక దేవుడు దానిని జరుపగలిగెను. జాషువ అడ్డమునకు సరియైన పేరు పెట్టెను.

ఇంతకంటెను ముఖ్యమైనది ఆతడు పంపిన సందేశపు స్వభావము. పొలమున పంట పండించినది తానేననియు, తన కష్టముచే లోకమునకు తిండి దొరకుచుండగా తనకు దొరకుటలేదనియు అతడు లెక్క చెప్పును. దీనికి లోకము చెప్పు సమాధానము కర్మసిద్ధాంతము. ఆ కర్మమనగా నేమో, తనపై దానికి పగ యేమో ఈశ్వరుని చేతనే ఋజువు చేయింపుమని గబ్బిలమును కోరును. ఋజువనునది స్తోత్రపాఠములలోని మాట కాదు, న్యాయస్థానపు మాట. ఇచ్చట వాది యున్నాడు, వాని నష్టమునకు లెక్కయున్నది, ప్రతివాది చెప్పు సమర్థనమున్నది, ఆ సమర్థనమునకు సాక్ష్యము కోరబడినది. దీనిని భక్తుని విన్నపమనుట కంటె బాధితుని వ్యాజ్యమనుట యుక్తము. వ్యాజ్యము దేవుని యెదుట వేయబడినను దేవుడిచ్చట దాతస్థానమున లేడు, న్యాయాధిపతిస్థానమున నున్నాడు. ఒకప్పుడు సాక్షిస్థానమునకు కూడ దిగివచ్చును.

ఇంకొక స్థలవిశేషము. నాయకుడు గబ్బిలమునకు దారి చెప్పుచు తెలుగుదేశపు చారిత్రకస్థలములను, రాజులను, కవులను, శిల్పములను స్మరించును. కొందరు విమర్శకులకు ఇది ప్రధానవిషయమునకు సంబంధింపని దేశభక్తివర్ణనముగా తోచవచ్చును. మాకట్లు తోచదు. ఊరిలో కాలుపెట్ట వీలులేనివాడు ఈ దేశమంతయు నాదియని చెప్పుకొనుచున్నాడు. పురవర్ణనమునందు ఎవనికి పద్యపాదము దొరకలేదో, వాడే ఇప్పుడు దేశవర్ణనము చేయుచున్నాడు. వర్ణితుడగుటకును నోచుకోనివాడు వర్ణించువాడైనాడు. పద్యవిద్యయును అంతే. వృత్తములను, సీసములను పెద్దన కాలమునుండి వచ్చిన పరికరములతోనే జాషువ వాడుకొనెను. ఉన్నవవారు గ్రాంథికపు గోడను విడిచి పల్లెభాషకు వచ్చిరి. జాషువ ఆ గోడలోపలికే పోయి, పద్యము తనకును హక్కుభుక్తమని నిరూపించెను. రెండును న్యాయమార్గములే, దిక్కులు వేఱు.

౬. చట్టమును, చదువును

జాషువ కావ్యము వెలువడిన తరువాత చట్టములు త్వరితముగా మారినవి. 1947లో మదరాసు దేవాలయప్రవేశాధికార శాసనము వచ్చినది. 1950లో అమలులోనికి వచ్చిన భారతరాజ్యాంగము 17వ యధికరణమున అస్పృశ్యతను రద్దుచేసి, 25వ యధికరణమున హిందూదేవాలయములను అన్ని తరగతుల హిందువులకును తెరచుటకు శాసనములు చేయవచ్చుననెను. 1955లో అస్పృశ్యతానేరముల చట్టము చేయబడినది; 1976లో అది పౌరహక్కుల పరిరక్షణచట్టముగా పేరు మార్చుకొన్నది. స్తంభము కాదు, నియమమే కదలినది.

అయినను నియమము కదలిన మాత్రమున నేలయంతయు కదలదు. 1985లో కారంచేడులో దళితుల మంచినీటి చెఱువువద్ద పుట్టిన తగవు నరమేధముగా పరిణమించినది. 1991లో చుండూరులో చిత్రశాలలో మొదలైన తగవు అట్టి పరిణామమునకే దారితీసినది. చెఱువు, చిత్రశాల! 1938 నాటి చిత్రమును గుఱించి మేము పైన పేర్కొన్న స్థలములలో ఈ రెండును కలవు. ఈ సంఘటనల పిమ్మట వచ్చిన దళితకవిత్వము, 1995లో ప్రకటింపబడిన చిక్కనవుతున్న పాట యను సంకలనము మొదలుగా, గుడి గడపను విడిచి పొలము, బడి, కార్యాలయము, పుస్తకమునందలి పుటలు మొదలగు స్థలములన్నిటిని ప్రశ్నింపసాగినది. గడపలు పెక్కు అని ఆ కవులు చెప్పిరి.

ఇక మా యధ్యాపకమిత్రులకును, పరిశోధకవిద్యార్థులకును ఒక మనవి. స్థలమును గుఱించిన యే రచననైనను పరిశీలించునప్పుడు మూడు ప్రశ్నలు వేసికొనుట మేలు. ఎవరెచ్చట నిలిచియున్నారు? ఆ గీతను గీచినదెవరు? గీత యీవలనున్నవాడు ఏమి కోరుచున్నాడు? మొదటి ప్రశ్నకు వర్ణనము, రెండవదానికి చరిత్ర, మూడవదానికి రచనయొక్క మాటతీరు సమాధానమిచ్చును. వర్ణనము, చరిత్ర, మాటతీరు వేర్వేరు పాఠ్యాంశములని విడదీసినచో ఈ సంబంధము గోచరింపదు.

మూడవ ప్రశ్న మిక్కిలి ముఖ్యము. గబ్బిలమును మనము సాధారణముగా కరుణరసమునకు లక్ష్యముగా బోధించుచున్నాము. విద్యార్థి జాలిపడిన యెడల పాఠము ఫలించినదని సంతోషించుచున్నాము. కాని జాలి కూడ అనుగ్రహజాతికి చెందినదే. జాలిపడువాడు గడప లోపలనే యుండి జాలిపడును. జాషువ నాయకుడు జాలిని అడుగలేదు, ఋజువును అడిగెను. ఋజువు చూపవలసిన భారము అడిగినవానిపై గాక, అడ్డము నిలిచినవానిపై నున్నది. ఈ భేదమును విద్యార్థికి తెలుపనిచో మనము గబ్బిలమును గూడ మాలదాసరి కథవలెనే బోధించినవారమగుదుము. అప్పుడు పాట మాత్రము తరగతిగదిలోనికి వచ్చును. పాడినవాడు వెలుపలనే నిలిచిపోవును.